పట్టుబడ్డందుకు బతికిపోయింది

యుద్ధంలో సొత్తు చేతులు మారడమంటే ఏమిటో కడప, కర్నూలు జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. టిప్పు సుల్తాను మీద చేసిన యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన కడప సీమ 1800లో ఈస్టిండియా కంపెనీ ఖాతాలో పడింది. తన రక్షణకు కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నందుకు నిజాం డబ్బుకు బదులు రాసిచ్చిన నేల ఇది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను రహస్యంగా ఆయుధాలు పోగేశాడని 1839లో కంపెనీ ఆయన్ని పట్టుకుని గద్దె దింపింది. వీటికంటే దూరం వెళ్లినవి టిప్పు రాకెట్లు. 1799లో శ్రీరంగపట్నం కూలాక అవి ఓడెక్కి ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధాగారం చేరాయి. అక్కడ విలియం కాంగ్రీవ్ వాటిని చూసి నేర్చుకుని తన రాకెట్లు తయారు చేశాడు. 1806లో అవి ఫ్రాన్సులోని బులోన్ రేవు మీద పడ్డాయి.

శత్రువు దగ్గర గుంజుకున్న ఎగిరే ఆయుధానికి సాధారణంగా పట్టే గతి ఇది: విప్పి చూస్తారు, నేర్చుకుంటారు, తర్వాత పారేస్తారు. అలా పారేయకుండా మిగిలిపోయిన ఒక విమానం కథ ఇప్పుడు చెప్పబోయేది. దాని సంఖ్య ఎఫ్1010. ఒంటి మీద రాసిన పేరు హైదరాబాద్ 12ఏ.

కడప సీమ నిజాం చేజారిన నూరేళ్ల పైచిలుకు తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మళ్లీ బ్రిటిషు వాళ్ల సైన్యానికి ఖర్చు పెట్టాడు. ఈసారి నేల కాదు, విమానాలు. బ్రిటిషు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విడత విమానాలన్నీ ఆయన సొమ్ముతో వచ్చినవే. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు ఖాయమైంది. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని, దాని వరస సంఖ్యతో సహా రాయించారు. తెలంగాణ, మరాఠ్వాడా రైతుల శిస్తు ఇంగ్లండులో రెక్కలు తొడుక్కుందన్నమాట. ఆ రైతుల్లో ఎవరైనా అప్పటికి విమానమన్నదాన్ని కళ్లతో చూసి ఉంటారా అన్నది వేరే మాట.

ఆ విమానం రకం డీహెచ్.9ఏ. జెఫ్రీ డి హావిలాండ్ నమూనాల నుంచి ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన ఒక వరస బాంబర్లలో మూడోది. ఆ వరసలో మొదటిది డీహెచ్.4. మంచి విమానమే గానీ పైలట్‌కూ వెనక తుపాకి పట్టుకునే పరిశీలకుడికీ నడుమ పెట్రోలు ట్యాంకు ఉండేది. శత్రువు మీదికొస్తున్నాడని వెనకవాడు ముందువాడికి చెప్పాలంటే గొట్టంలో అరవాల్సిందే. డీహెచ్.9లో పైలట్‌ను వెనక్కి జరిపి ఇద్దర్నీ దగ్గర చేశారు. ఆ చిక్కు తీరింది, ఇంకోటి వచ్చిపడింది. అందులో పెట్టిన ప్యూమా ఇంజను 300 అశ్వశక్తి ఇస్తుందన్నారు. చేతికొచ్చేసరికి అది 230కి దిగింది. మధ్యలోనే మొరాయించేది, బాంబులు మోస్తూ ఎత్తుకు ఎక్కలేకపోయేది. కింద ఉన్న బాంబరు ఫైటర్లకు సులువైన వేట. పైలట్లు దాన్ని తిట్టని రోజు లేదు.

చివరికి మందు అమెరికా నుంచి వచ్చింది. 1917 మే చివర్లో వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని వారం తిరక్కుండా లిబర్టీ ఇంజను నమూనా గీశారు. ఒకరు ప్యాకార్డ్ కంపెనీ జెస్సీ విన్సెంట్, రెండోవారు ఎల్బర్ట్ హాల్. 'వి' ఆకారంలో 12 సిలిండర్లు, 27 లీటర్ల ఘనపరిమాణం, 400 అశ్వశక్తి. ఒక్కో సిలిండర్‌నూ విడిగా ఉక్కుతో చేసి, చుట్టూ నీళ్ల తొడుగు వెల్డింగ్ చేశారు. జర్మన్ మెర్సిడెస్ ఇంజన్లలో వాడిన పద్ధతే అది. కాబట్టి జర్మనీ మీదికి పంపిన ఈ బాంబరు గుండెలో శత్రువు నేర్పిన పని కొంత ఉంది.

ఈ బరువైన ఇంజనును మోయడానికి యోవిల్‌లోని వెస్ట్‌ల్యాండ్ కార్ఖానా రెక్కలు పెంచి, ముందు భాగం మార్చి డీహెచ్.9ఏ తయారు చేసింది. రెక్కల కొస నుంచి కొసకు 14 మీటర్లు. వేగం గంటకు 190 కిలోమీటర్ల పైమాట, మోసే బాంబులు 300 కిలోల పైమాట. ఇంతా చేస్తే ఒళ్లంతా కర్రే. కర్ర చట్రాన్ని ఉక్కు తీగలతో బిగించి, మీద నార బట్ట కప్పి, డోప్ అనే లేపనం పూస్తారు. అది ఆరేకొద్దీ బట్ట చర్మంలా బిగుసుకుంటుంది. ముక్కు దగ్గర పెద్ద రేడియేటర్, పైలట్ ముందు వికర్స్ మరతుపాకి, వెనకవాడి చుట్టూ గుండ్రంగా తిరిగే వలయం, దాని మీద లూయిస్ తుపాకి. కప్పు లేదు. ఐదు వేల మీటర్ల ఎత్తులో గడ్డకట్టే గాలిలో, తోడు ఫైటర్లు లేకుండా, పట్టపగలు గంటల తరబడి అలా వెళ్లాలి.

110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్సులోని బెటాన్‌కూర్ చేరింది. జర్మనీ లోపలి రైల్వేలను, కార్ఖానాలను కొట్టడం దాని పని. అక్టోబరు 5న కైజర్స్‌లౌటర్న్ వైపు వెళ్లిన దాడిలో ఎఫ్1010 తిరిగి రాలేదు. జర్మన్ నేల మీద దిగిపోయింది. అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఖైదీలయ్యారు. విమానం చెక్కుచెదరకుండా దొరికింది. నెల పైన వారానికి యుద్ధం ముగిసింది. ఈలోగా, అక్టోబరు 21 దాడిలో అదే స్క్వాడ్రన్ ఏడు విమానాలను ఒక్క రోజులో పోగొట్టుకుంది.

ఇక్కణ్ణించి ఓడిన వాళ్ల విమానాలకు ఏమైందో చూడాలి. 1918 నవంబరు 11 కాల్పుల విరమణ ఒప్పందం ప్రకారం జర్మనీ 1,700 విమానాలు అప్పగించాలి. అందులో ఒక రకం విమానాన్ని పేరు పెట్టి అడిగారు: ఫోకర్ డి.7. అంతగా భయపెట్టింది మరి. తర్వాత వెర్సాయ్ సంధి జర్మనీకి యుద్ధ విమానమే ఉండకూడదంది. మిత్రదేశాల కమిషన్ వచ్చి ఊరూరా వెతికి విమానాలను వేల సంఖ్యలో నరికించింది, తగలబెట్టించింది. ఆంథనీ ఫోకర్ మాత్రం రైళ్లకు రైళ్లు నింపి తన విమానాలను, ఇంజన్లను నెదర్లాండ్స్‌కు దాటించేశాడు. అంత గాలింపు జరిగిన దేశంలో నిజాం కానుక ఎలాగో గట్టెక్కింది.

1936లో బెర్లిన్‌లో కొత్తగా తెరిచిన విమానాల మ్యూజియంలో అది విజయచిహ్నంగా నిలబడింది. 1939లో మళ్లీ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 4న జర్మన్ నౌకల మీద బ్రిటన్ చేసిన తొలి బాంబు దాడిలో ముందున్నది అదే 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్, ఈసారి బ్లెన్‌హైమ్ విమానాలతో. వాళ్ల పాత విమానమేమో బెర్లిన్‌లో సందర్శకులకు చూపులిస్తోంది. 1943 నవంబరులో బ్రిటిషు బాంబర్లు ఆ మ్యూజియాన్నే ధ్వంసం చేశాయి. శత్రువు తుపాకులకు చావని విమానం సొంతవాళ్ల బాంబులకు బూడిద కావాల్సింది. కానీ మిగిలిన వాటితో పాటు దాన్నీ జర్మన్లు తూర్పుకు తరలించారు. యుద్ధం అయ్యేసరికి ఆ చోటు పోలండ్ చేతిలో ఉంది. పట్టుబడ్డ విమానం రెండోసారి పట్టుబడింది. అరవైల్లో ఆ సేకరణ క్రాకో పాత విమానాశ్రయం చేరి అక్కడి మ్యూజియానికి పునాది అయింది.

1977లో బ్రిటిషు వైమానిక దళ మ్యూజియం బేరానికి దిగింది. ఒక స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం ఇచ్చి డీహెచ్.9ఏ తీసుకుంది. అప్పటికి రెక్కలు లేవు, కొత్తవి చేయించి తగిలించారు. ఇప్పుడది లండన్ హెండన్‌లో ఉంది, స్పిట్‌ఫైర్ క్రాకోలో ఉంది. నాకైతే ఇది పోలండుకూ నష్టం కాని బేరం అనిపిస్తుంది. స్పిట్‌ఫైర్లు పోలిష్ పైలట్లు కూడా నడిపి పోరాడినవి కదా.

పట్టుబడని వాటి సంగతేమిటి? డీహెచ్.9ఏలు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. ఇరాక్‌లో, అప్పటి మన వాయవ్య సరిహద్దు కొండల మీద పదేళ్ల పైన ఎగిరాయి. రష్యా అంతర్యుద్ధంలో దొరికిన వాటిని చూసి సోవియట్లు ఆర్-1 పేరుతో రెండు వేలకు పైగా చేసుకున్నారు. వాడినంత కాలం వాడి, చివరికి దాదాపు అన్నీ తుక్కు కింద పోయాయి. సొంతగాడికి పాత యంత్రం జాగా తినే సామాను. శత్రువుకు మాత్రం అది చూపించుకోదగ్గ వస్తువు.

ఇంట్లో ఉంచుకున్న వాటికి పట్టిన గతి బికనీర్‌లో కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్ తన మిగులు విమానాలను సామ్రాజ్య దేశాలకు పంచిపెట్టింది. అలా బికనీర్ మహారాజుకు అందిన డీహెచ్.9లు రాజుగారి ఏనుగుల శాలలో మూలన పడ్డాయి. కర్రను చెదలు తినేసింది, లోహం మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఇంగ్లండు పునరుద్ధరణకారులు ఆ శకలాలను కొనుక్కుపోయారు. వాటితో కట్టిన ఒక విమానం 2019లో మళ్లీ గాలిలోకి లేచింది. 1918లో పైలట్లు తిట్టిపోసిన ఆ ప్యూమా ఇంజనుతోనే.