ఊరు మారినా పాట ఆగకూడదు

మన బడుల్లో చదివేవాళ్ళకు 'బదిలీ' అనే మాట కొత్త కాదు. నాన్నకో అమ్మకో ఆర్డరు వస్తుంది, సామాను పెట్టెల్లోకి వెళ్తుంది, మనం మరో ఊళ్ళో మరో బల్ల మీద కూర్చుంటాం. పుస్తకాలు అవే, ఉదయపు ప్రార్థన అదే కనుక చదువుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. కలిసి మొదలుపెట్టిన పనులు మాత్రం మధ్యలో ఆగిపోతాయి.

మా పాట అలాగే ఆగింది. వార్షికోత్సవం కోసం నలుగురం కలిసి ఒక చిన్న పాట కట్టుకున్నాం. సగం అయ్యేసరికి తబలా వాయించే మిత్రుడి నాన్నగారికి తేజ్‌పూర్ బదిలీ అయింది. మేము పాడి ఫోన్లో పంపాం. అతను తబలా వాయించి తిరిగి పంపాడు. రెండూ కలిపి వింటే పాట ఒక దారిన, తబలా ఒక దారిన పోయాయి. కారణం తేలికే. ఇద్దరికీ ఒకే లయ వినిపించే ఏర్పాటు లేదు.

అప్పుడు ఆన్‌లైన్ స్టూడియో గురించి తెలుసుకున్నాం. బ్యాండ్‌ల్యాబ్ వంటివి కంప్యూటర్ బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి, ఫోన్లో కూడా పనిచేస్తాయి. పాట ఇంటర్నెట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఒకరు పాడి సేవ్ చేస్తే, మనం ఆహ్వానించిన మరొకరు వేరే ఊరి నుంచి అదే పాటను తెరిచి తన వాద్యం చేర్చవచ్చు. ఒక్కొక్కరి శబ్దం ఒక్కొక్క వరుసలో ఉంటుంది. ఆ వరుసనే ట్రాక్ అంటారు.

ఇది మిత్రుడికి ఫోన్లో చెప్పబోయి వారం రోజులు తిప్పలు పడ్డాం. మేము చూసేది కంప్యూటర్, అతను చూసేది ఫోను. మేము "పైన కుడివైపు నొక్కు" అంటే అతనికి అక్కడ ఆ బటనే లేదు. చివరికి ఒక వీడియో పాఠం చేద్దామనుకున్నాం. ఆ ప్రయత్నంలో నేర్చుకున్నవి ఇవి.

మొదటిది, ఎవరి కోసమో తేల్చుకోవాలి. మా మొదటి వీడియో పద్నాలుగు నిమిషాలు వచ్చింది. కనిపించిన ప్రతి బటన్‌నూ వివరించాం. ఆరో తరగతి తమ్ముడొకడికి చూపిస్తే నాలుగో నిమిషంలో లేచిపోయాడు. రెండోసారి ఒకే లక్ష్యం పెట్టుకున్నాం: చూసినవాళ్ళు ఒక నిమిషం పాట తయారు చేసి స్నేహితుడికి పంపగలగాలి. దానికి అవసరం లేనిదంతా తీసేశాం.

రెండోది, కాలం పంచుకోవాలి. మొత్తం ఆరు నిమిషాలు. పూర్తయిన పాట వినిపించడానికి అర నిమిషం, వేగం నిర్ణయించడానికి ఒక నిమిషం, తాళానికి ఒక నిమిషం, బాణీకి ఒకటిన్నర, గొంతు రికార్డు చేయడానికి ఒకటిన్నర, స్నేహితుడికి పంపడానికి అర నిమిషం. పాటను ముందే వినిపించాలి. చివరికి ఏమి వస్తుందో తెలిస్తేనే చూసేవాళ్ళు ఓపిగ్గా కూర్చుంటారు.

మూడోది, కాగితం మీద రాసుకోవాలి. నోటుపుస్తకం పేజీని రెండు నిలువు భాగాలు చేసి, ఎడమవైపు 'కనిపించేది', కుడివైపు 'వినిపించేది' అని రాశాం. ఎడమవైపు ఖాళీగా ఉంటే మనం ఊరికే మాట్లాడుతున్నామని అర్థం. తెర మీద పనిని, మాటలను విడివిడిగా రికార్డు చేయడం మేలు. తడబడితే ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదివితే చాలు. కంప్యూటర్ తెర, ఫోన్ తెర రెండూ చూపించాలి.

ఇక పాఠంలో చెప్పాల్సిన సంగతులు. అన్నిటికన్నా ముందు వేగం. స్టూడియోలో నిమిషానికి ఎన్ని దెబ్బలో అంకెతో చెప్పాలి. మేము 80 పెట్టాం. అంటే దెబ్బకు ముప్పావు సెకను. ఆది తాళం ఎనిమిది అక్షరాలు కనుక ఒక ఆవర్తనానికి 6 సెకన్లు, నిమిషానికి సరిగ్గా పది ఆవర్తనాలు. తెర మీద గళ్ళు నాలుగేసి దెబ్బలకు ఒక భాగంగా ఉంటే, రెండు భాగాలు కలిపి ఒక ఆది తాళం. మా తబలా మిత్రుడు నేర్చుకున్నది హిందుస్తానీ పద్ధతి. అతని కహర్వా తాళానికీ ఎనిమిది మాత్రలే. లెక్కించే తీరు వేరైనా ఇద్దరం ఒకే గళ్ళలో ఇమిడాం.

తర్వాత బాణీ. మోహన రాగంలో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉంటాయి. 'సి' మెట్టును షడ్జమం అనుకుంటే సి, డి, ఇ, జి, ఏ అనే తెల్లమెట్లతోనే సరిపోతుంది. ఉత్తరాదిన భూప్ రాగానికీ ఇవే స్వరాలు, నడక వేరు. చిన్న తరగతుల వాళ్ళు క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని సాంగ్ మేకర్‌తో మొదలుపెట్టవచ్చు. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

ఒక మాట మాత్రం పాఠంలో దాచకూడదు. తెర మీద మెట్లు నొక్కి గమకం తేవడం చాలా కష్టం. ఆ మెట్లు పన్నెండు స్థిరమైన స్థానాలు. మన రాగంలో స్వరం ఊగుతూ, జారుతూ ఒకదాని నుంచి మరొకదానికి వెళ్తుంది. అందుకే బాణీకి ఆధారం మాత్రమే మెట్లతో వేసి, అసలు పాటను గొంతుతోనే పాడాం.

పాడేటప్పుడు వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. స్పీకర్లో లయ వింటూ పాడితే ఆ టక్‌టక్ శబ్దం కూడా మైకులోకి వెళ్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, దాన్ని అనుసరించి పాడితే గొంతు వెనకబడుతుంది. మేము రెండు రకాలుగానూ పాడి, తేడా వీడియోలో వినిపించాం. వంద మాటలకన్నా అది బాగా అర్థమైంది.

సినిమా పాట వాడుకోవచ్చా అని అందరూ అడుగుతారు. మన దేశంలో సంగీత రచనకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. త్యాగరాజస్వామి 1847లో కాలం చేశారు కనుక ఆయన కీర్తనను మనం పాడుకోవచ్చు. అయితే ఈనాటి విద్వాంసులు పాడిన రికార్డును తెచ్చి అతికించకూడదు, రికార్డుకు హక్కు వేరే ఉంటుంది. సొంత బాణీ అయితే ఏ చిక్కూ లేదు. లాగిన్ మాత్రం అమ్మానాన్నలకు చెప్పి, వాళ్ళ ఎదుటే తెరవండి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అందులో పెట్టకండి.

వీడియో పూర్తయ్యాక పరీక్ష పెట్టాలి. లేచిపోయిన తమ్ముడినే మళ్ళీ పిలిచి, మేము నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాం. అతను ఎక్కడ ఆగాడో అక్కడ తప్పు మాది. మూడు చోట్ల ఆగాడు. ఆ మూడూ సరిచేశాం.

తేజ్‌పూర్ నుంచి తబలా ట్రాక్ పది రోజులకు వచ్చింది. గళ్ళలో సరిగ్గా కూర్చుంది. వార్షికోత్సవంలో ముగ్గురం వేదిక మీద పాడాం, నాలుగోవాడి తబలా స్పీకర్లో మోగింది.

వచ్చే ఏప్రిల్‌లో మాలో ఒకరికి బదిలీ ఉందంటున్నారు. ఈసారి వీడియో ముందే సిద్ధంగా ఉంది. మీ స్నేహితుడు ఊరు మారబోతుంటే, సామాను సర్దేలోపే మీరూ ఒకటి చేసి పెట్టుకోండి.