పాత పందెపు బండికి మరల ప్రాణము

ఏబది అరువది యేండ్ల క్రిందట బురద నేలలలో పందెములు గెలిచిన మోటారు సైకిలు ఒకటి, తరువాత ఎవరి పశువుల కొట్టములోనో మూలబడి, తుప్పు పట్టి, తూకమునకు అమ్మే ఇనుములో చేరవలసిన స్థితికి వస్తుంది. అటువంటి దానిని ఇంటికి తెచ్చి, మరకు మర విప్పి, కడిగి, అరిగినవి మార్చి, ఒక ఆదివారమున మరల పందెమునకు దించే ఔత్సాహికులు ఇంగ్లండులోను, అమెరికాలోను, యూరపు దేశములలోను నేడు చాలమంది ఉన్నారు. వారిలో ఒకరు గుమాస్తా, ఒకరు వడ్రంగి, ఒకరు ఉపాధ్యాయుడు. గెలిచినవానికి దక్కేది చిన్న గిన్నె, తోటివారి చప్పట్లు. ఆ మాత్రమునకు ఇంత శ్రమ ఏల? ఆ శ్రమ ఎట్టిది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ముందుగా ఈ పందెము పుట్టుక. 1924 మార్చి 29వ తేదీన ఇంగ్లండులో సర్రే మండలమందలి కాంబర్లీ వద్ద కొందరు యువకులు ఒక పోటీ జరిపినారు. అంతకు పూర్వము ఉత్తరాన యార్కుషైరులో జరిగే పోటీలో వేగముతోబాటు, కష్టమైన చోట్ల కాలు నేలకు ఆనించకుండ నడిపే నేర్పునకు కూడ మార్కులుండేవి. కాంబర్లీవారు ఆ నేర్పు పరీక్షను తీసివేసి, కేవలము ఎవరు ముందు వస్తే వారే విజేత అన్నారు. గుట్టలు, గోతులు, ఇసుక, బురద – ఇదే దారి. ఆ పందెమునకు ఇంగ్లీషువారు ‘స్క్రాంబుల్’ అని పేరు పెట్టినారు. యూరపు ఖండమునకు పోయిన తరువాత అదే ‘మోటోక్రాస్’ అయినది. 1957లో 500 సి.సి. తరగతికి ప్రపంచ విజేత బిరుదు ఏర్పడినది. 1960 దశకములో బి.బి.సి. టెలివిజన్ శీతకాలపు శనివారములలో ఈ పందెములను ప్రసారము చేయగా, గడప దాటనివారు కూడ ఆ బురదను చూచి ఆనందించినారు.

ఆ దశకముననే యంత్రములలో ఒక పెద్ద పోరాటము జరిగినది. ఒక వైపు బి.ఎస్.ఏ., మాచ్‌లెస్ వంటి ఇంగ్లీషు కంపెనీల ఫోర్ స్ట్రోక్ బండ్లు: బరువైనవి, గంభీరమైన ధ్వని గలవి. మరొక వైపు స్వీడను దేశపు హస్క్‌వర్నా, చెకొస్లొవేకియాలోని సీజెడ్ కంపెనీల టూ స్ట్రోక్ బండ్లు: తేలికైనవి, తేనెటీగల వలె రొదచేసేవి. 1964, 1965 సంవత్సరములలో జెఫ్ స్మిత్ బి.ఎస్.ఏ. మీద 500 సి.సి. బిరుదు గెలిచినాడు. మరుసటి యేడు తూర్పు జర్మనీకి చెందిన పౌల్ ఫ్రీడ్రిక్స్ సీజెడ్ మీద ఆ బిరుదు తీసుకొని, 1968 వరకు ఎవరికీ విడువలేదు. తేలిక బరువును గెలిచినది.

కాని గెలిచిన బండ్లకు కూడ ఆయుర్దాయము స్వల్పమే అయినది. 1973 మొదలు 1975 వరకు రెండు మూడేండ్లలో చక్రములను మోసే స్ప్రింగుల అమరిక పూర్తిగా మారిపోయినది. అంతవరకు వెనుక చక్రము నాలుగు అంగుళములు మాత్రమే పైకి క్రిందికి ఆడేది. కొత్త అమరికలో దానికి రెట్టింపు ఆడసాగినది. గోతులలో ఎగిరిపడే పందెములో ఈ తేడాయే గెలుపును నిర్ణయిస్తుంది. నిన్న విజేత అయిన బండి నేడు వెనుకబడినది. దానిని వీధిలో నడుపుటకు దీపము లేదు, హారను లేదు. అమ్ముదమంటే కొనేవాడు లేడు. కనుకనే అన్ని బండ్లు కొట్టములు చేరినవి.

వాటిని మరల బయటికి తెచ్చినవి ఔత్సాహికుల సంఘములు. అమెరికాలో 1980 దశకమున ఏర్పడిన అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ పాత బండ్లకు వేరే తరగతి పెట్టినది. అందలి నియమము సులువైనది: ముందు చక్రము 7 అంగుళములకు, వెనుక చక్రము 4 అంగుళములకు మించి ఆడరాదు. అనగా 1974 వరకు తయారైన బండి తన ఈడువానితోనే పోటీపడుతుంది. మనవడితో తాతను పరుగెత్తించుట కాదు.

తెలుగువారికి ఈ కథ మరీ దూరము కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సీజెడ్, జావా కంపెనీలు రెండును చెకొస్లొవేకియా ప్రభుత్వపు యాజమాన్యములో ఒక కుటుంబమైనవి. ఆ జావా బండినే 1960 దశకపు ఆరంభము నుండి మైసూరులో తయారుచేసినారు. తరువాత అదే యెజ్డీ అయి, 1996లో కార్ఖానా మూతపడే వరకు మన ఊళ్ళ దారులలో తిరిగినది. గేరు కడ్డీనే లోపలికి నొక్కి తిప్పితే కిక్కు కొట్టే కడ్డీ అయ్యే ఆ వింత, ఆ బండి ఉన్న ఇంటివారెవరూ మరువలేరు.

మా తండ్రిగారి దగ్గర 1984 నాటి యెజ్డీ ఉండేది. వారు దాని మీదనే బడికి పోయి పాఠములు చెప్పి వచ్చేవారు. చూపు మందగించిన తరువాత అది దొడ్డిలో గోనెపట్టా క్రింద తొమ్మిదేండ్లు నిలిచినది. నాకు ఇరువదియైదేండ్ల వయస్సున దానిని బాగుచేయ సంకల్పించినాను. పిస్టను సిలిండరులో బిగుసుకొని కదలలేదు. సిలిండరు తల విప్పి, పిస్టను మీద కర్రముక్క పెట్టి, సుత్తితో కొట్టినాను. నాలుగవ దెబ్బకు పిస్టను కదలలేదు గాని దాని అంచు పెళ్ళున విరిగి క్రింది గదిలో పడినది. అరుగు మీద కూర్చున్న మా తండ్రిగారు, “దానికి తొందర లేదురా, తొందరంతా నీదే” అన్నారు. పందెపు బండ్లను బాగుచేసేవారి అనుభవములు తరువాత చదివినప్పుడు, ఈ విద్యకు ఇదే మొదటి సూత్రమని తెలిసినది.

బిగుసుకొన్న పిస్టనుకు చేయవలసినది వేరు. ప్లగ్గు రంధ్రము గుండా పలుచని నూనె పోసి, రోజుల తరబడి నాననీయవలెను. నూనె చుక్కచుక్కగా తుప్పులోనికి దిగుతుంది. అప్పుడప్పుడు సిలిండరును వెలుపలినుండి వెచ్చచేస్తే అల్యూమినియము పిస్టనుకు, ఇనుప గోడకు వ్యాకోచములో ఉన్న తేడా వలన పట్టు సడలుతుంది. వెచ్చచేసే ముందు లోపలి నూనెను పూర్తిగా తీసివేయవలెననుట మరువరాదు. ఈలోగా చేతులు ఊరక ఉండనక్కరలేదు. బండిని విప్పుటకు ముందే అన్ని వైపులనుండి ఫొటోలు తీసి, ప్రతి మరను ఒక డబ్బాలో వేసి, దానిమీద పేరు వ్రాసుకొనవలెను. ఆరు నెలల తరువాత ఆ మర ఎక్కడిదో చెప్పేది ఆ చీటియే.

పందెపు బండి బాగుచేయుటలో ముఖ్యమైన రహస్యము టూ స్ట్రోక్ ఇంజను పనిచేసే తీరులో ఉన్నది. ఈ ఇంజనులో పిస్టను క్రింద ఉండే క్రాంకు గది ఉత్త గది కాదు. అది కొలిమి తిత్తి వంటిది. పిస్టను పైకి పోయినప్పుడు ఆ గది కార్బురేటరు నుండి పెట్రోలు, గాలి మిశ్రమమును పీల్చుకొంటుంది. క్రిందికి వచ్చినప్పుడు దానిని నొక్కి సిలిండరులోనికి పంపుతుంది. తిత్తికి చిల్లి ఉంటే కొలిమి మండదు గదా! ఇక్కడ జరిగేది అంతకంటె ప్రమాదము. క్రాంకు ఇరుసు రెండు కొనలయందు రబ్బరు సీళ్ళుంటవి. ఏండ్లు గడిచిన రబ్బరు ఎండి పగులుతుంది. ఆ పగులుగుండా దొంగగాలి లోపలికి చొరబడితే మిశ్రమములో పెట్రోలు పాలు, దానితో వచ్చే నూనె పాలు తగ్గిపోతవి. పెట్రోలు తగ్గిన మిశ్రమము వలన వేడి మిక్కుటమవుతుంది. ఇంజను కొంతసేపు ఎన్నడూ లేనంత జోరుగా పరుగెత్తుతుంది. తరువాత పిస్టను కరిగి చిల్లి పడుటయో, బిగుసుకొని వెనుక చక్రము నిలిచిపోవుటయో జరుగుతుంది. గుట్ట దిగే వేగములో చక్రము నిలిచితే పడేది మనిషి.

దీనిని కనుగొనే ఉపాయము ఇంటిలోనే ఉన్నది. కార్బురేటరు ద్వారమును, పొగ ద్వారమును రబ్బరు బిరడాలతో మూసి, చేతిపంపుతో చదరపు అంగుళమునకు 6 పౌనుల ఒత్తిడి మాత్రము గాలి నింపుతారు. ఆరు నిమిషములపాటు ముల్లు దిగకుండ ఉండవలెను. దిగితే అతుకులమీద సబ్బునీరు పూస్తే బుడగలు చోటు చూపుతవి. కొత్త సీళ్ళ వెల స్వల్పము. ఈ పరీక్ష చేయనివాడు మాత్రము కొత్త పిస్టనుతో మొదలు మరల కొనవలసి వస్తుంది.

సిలిండరు అరుగుదలను కొలిచి, లేతు పనివాని దగ్గర బోరు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయించుట తరువాతి మెట్టు. పిస్టను మోసే కడ్డీని పైకి క్రిందికి లాగి చూడవలెను. ఆ దిశలో ఏ కొంచెము వదులు తగిలినా క్రింది బేరింగు అరిగినట్లే.

ఇంజను తరువాత ఫ్రేము. కొత్త రంగు వేసిన ఫ్రేమును చూచి మోసపోరాదు. పందెములలో ఎగిరిపడిన ఇనుప గొట్టములకు హాండిలు మెడవద్ద, వెనుక చక్రపు చేతులు తిరిగే చోట, ఇంజను బిగించే చెవులవద్ద సన్నని పగుళ్ళుంటవి. పాత రంగు పూర్తిగా తీసి, అనుమానపు చోట కిరోసిను పూసి, కొంతసేపు ఆగి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దవలెను. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిను మెల్లగా ఊరి, తెల్లని సుద్దమీద నల్లని గీత గీస్తుంది. ఆ గీతను నేర్పరియైన వెల్డరుకు చూపవలెను, పుట్టీతో కప్పరాదు.

మరి రెండు హెచ్చరికలు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఆ డ్రమ్ములను గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయవలెను. రెండవది పెట్రోలు. నేటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. మన దేశములో 2025 నాటికి అది 20 శాతమునకు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టములను చెరుపుతుంది. ఆనాటి కొన్ని పందెపు బండ్లకున్న ఫైబరు గ్లాసు ట్యాంకుల లోగోడను కరిగించి, ఆ జిగురును కార్బురేటరులోనికి పంపుతుంది. అందుచేత పందెము కాగానే ట్యాంకు ఖాళీ చేయుట మంచిది.

నూనె సంగతి వింతగా ఉంటుంది. ఆనాటి పందెపుగాండ్రు చాలమంది పెట్రోలులో కలిపినది ఆముదపు నూనె! తెలంగాణా మెట్టచేలలో పండే ఆముదమే. ఎంత వేడికైనా లోహమును విడువని జిగి దానికున్నది. కాని నిలువ ఉంటే బంక కడుతుంది. కొట్టములలో పిస్టనులు అంత గట్టిగా అంటుకొనుటకు అదియు ఒక కారణము. ఆనాడు 20 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె కలిపేవారు. నేటి నూనెలు మెరుగైనవి గనుక అంతకు తక్కువతోనే సరిపెట్టుకొనేవారు ఉన్నారు.

ఇక్కడ ఔత్సాహికులలో ఎడతెగని వాదమొకటి ఉన్నది. ఎంతవరకు పాతది ఉంచవలెను, ఎంతవరకు మార్చవలెను? అన్నియు కొత్తవి వేస్తే అది పాత బండి ఎట్లా అవుతుంది? ఏదీ మార్చకపోతే దానిమీద మనిషిని ఎక్కించుట ఎట్లా? నాకు తోచిన విభజన ఇది. ప్రాణమును మోసే భాగములు – చక్రపు పుల్లలు, ఇరుసులు, బ్రేకులు, గొలుసు, హాండిలు – సందేహమున్నచోట మార్చవలెను. చరిత్రను మోసే భాగములు – ఇంజను గుల్ల, ట్యాంకు, కార్ఖానావారు వేసిన అంకెలు – చేతనైనంతవరకు కాపాడవలెను. ట్యాంకుమీద పడిన సొట్ట ఏదో ఒక పందెమునకు సాక్షి. దానిని సరిచేయకపోయినా నష్టము లేదు. బండి ఎంత పాతదైనను శిరస్త్రాణము మాత్రము కొత్తది కావలెను. అందలి మెత్త కాలము గడిచినకొలది దెబ్బను ఆపే గుణము కోల్పోవచ్చును.

ఇక మొదటి ప్రశ్న మిగిలినది: ఇంత శ్రమ ఏల? మ్యూజియములో అద్దము వెనుక నిలిపితే చాలదా? చాలదని ఈ ఔత్సాహికులంటారు. యంత్రము ఎట్లా ఉండేదో మ్యూజియము చూపుతుంది. ఎట్లా పనిచేసేదో చూపలేదు. నాలుగు అంగుళముల స్ప్రింగుతో గుట్ట దిగుటకు మోకాళ్ళు ఎట్లా వంచవలెనో, పాయింట్ల ఎడము గోటితో తడిమి ఎట్లా గుర్తించవలెనో పుస్తకములలో పూర్తిగా లేదు. అది చేతులలో ఉన్నది. ఆ చేతులు గలవారు నేడు వృద్ధులు. వారి ప్రక్కన నిలిచి పానా అందించిన కుర్రవానికే ఆ విద్య దక్కుతుంది. బండి పోతే మరొకటి దొరకవచ్చును. ఆ మనిషి పోతే అడుగుటకు మరెవ్వరుంటారు?

మా యెజ్డీకి తగిన పిస్టను దొరుకుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఈసారి తొందరపడలేదు. మా తండ్రిగారు చూడలేకపోయినను అరుగుమీదనుండి వినుచు, ఏ మర తరువాత ఏ మర బిగించవలెనో చెప్పినారు. ఇంజను పలికిన రోజున వారు కొంతసేపు చెవి ఒగ్గి విని, “పాయింట్లు ఇంకొంచెము దగ్గర చెయ్యి” అన్నారు. గేజి పెట్టి చూచినాను. వారు చెప్పినదే నిజము.