ఇంటి బేకరీకి మిక్సరు ఎంపిక: పిండి తూకమే ప్రమాణం

స్వయం ఉపాధి కోరుకునే గ్రామీణ మహిళలకు బేకరీ పదార్థాల తయారీ అనువైన వృత్తులలో ఒకటి. బ్రెడ్డు, బన్ను, కేకు, ఉస్మానియా బిస్కెట్టు, రాగి బిస్కెట్టు మొదలగువాటిని ఇంటి వద్దనే తయారుచేసి, సమీపంలోని టీ దుకాణాలకు, కిరాణా అంగళ్ళకు సరఫరా చేయవచ్చును. ఇందుకై బ్యాంకు రుణం కోరేవారి అంచనా పట్టికలో ఓవెను తరువాత ముఖ్యమైన ఖర్చు పిండి కలిపే మిక్సరుది. దీని ఎంపికలో పొరపాటు జరిగినచో యంత్రం మూలపడుతుంది; అప్పు మాత్రం వడ్డీతో సహా మిగిలిపోతుంది. కనుక కొనుగోలుకు ముందే తెలుసుకొనవలసిన కొన్ని అంశాలను ఇక్కడ వివరిస్తున్నాము.

మిక్సీ వేరు, మిక్సరు వేరు

మన వంటింటి మిక్సీలో చిన్న బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పదార్థాన్ని నరుకుతుంది. పొడులకు, పచ్చళ్ళకు అది సరిపోతుంది గాని, బ్రెడ్డు పిండిని ఎక్కువసేపు పిసికేందుకు పనికిరాదు. పిండి వేడెక్కుతుంది, మోటారుపై భారం పడుతుంది. బల్లపై పెట్టుకొనే కొన్ని గ్రైండర్లకు చపాతీ పిండి కలిపే పరికరం కూడ ఇస్తారు. ఇంటి అవసరానికి అది చాలును. అయితే దానితో కేకు మిశ్రమాన్ని, క్రీమును గిలకొట్టలేము.

బేకరీ మిక్సరులో గిన్నె కదలదు. కలిపే పరికరం తన చుట్టూ తాను తిరుగుతూ, గిన్నె చుట్టూ కూడ తిరుగుతుంది. సూర్యుని చుట్టూ గ్రహం తిరిగే తీరును పోలి ఉండుటచే దీనిని ప్లానెటరీ మిక్సరు అంటారు. అమెరికాలోని హోబర్ట్ కంపెనీ ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్ రూపొందించిన ఈ పద్ధతి మొదట పెద్ద బేకరీలకు, 1919 నుండి కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్ళకు చేరింది. నేటికీ ఇంటి మిక్సర్లు చాలావరకు ఈ సూత్రంపైనే పనిచేస్తున్నాయి.

దీనితోపాటు సాధారణంగా మూడు పరికరాలు లభిస్తాయి. కొక్కెం వంటిది బ్రెడ్డు, బన్ను పిండిని పిసుకుటకు. చదునైన బీటరు కేకు, బిస్కెట్టు మిశ్రమాలకు. తీగల గిలక గుడ్ల తెల్లసొనను, క్రీమును గిలకొట్టుటకు. మరొక రకమైన స్పైరల్ మిక్సరులో గిన్నె కూడ తిరుగుతుంది. అది బ్రెడ్డు పిండికి శ్రేష్ఠమైనదే గాని, కేకులకు ఉపయోగపడదు. కేవలం బ్రెడ్డు, బన్నులే పెద్దయెత్తున తయారుచేసేవారు మాత్రమే దానిని ఆలోచించవలెను.

మీ తయారీ ఏది?

యంత్రంపై పడే భారం తయారుచేసే పదార్థాన్నిబట్టి మారుతుంది. మైదాలో నీరు పోసి పిసికినపుడు గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఏర్పడుతుంది. ఈస్టు విడుదలచేసే వాయువును పట్టి ఉంచి బ్రెడ్డును పొంగించేది ఇదే. ఇది ఏర్పడుటకు నెమ్మది వేగంతో సుమారు 8 నుండి 10 నిమిషాలు పిసకవలసి ఉంటుంది. పిండి గట్టిపడేకొద్దీ మోటారు, గేర్లు శ్రమపడతాయి. మిక్సర్లకు అసలైన పరీక్ష ఇక్కడే.

కేకులో ఇందుకు భిన్నంగా గ్లూటెన్ ఎక్కువైతే కేకు గట్టిపడుతుంది. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టునపుడు గాలి చేరాలి. మైదా వేసిన పిదప కొద్దిసేపు కలిపితే చాలును. రాగి, జొన్న వంటి చిరుధాన్యాలలో గ్లూటెన్ ఉండదు. కావున వాటి బిస్కెట్ల పిండిని ఎంతసేపు పిసికినా ప్రయోజనం లేదు. బీటరుతో కలిపితే సరిపోతుంది. కేకులు, చిరుధాన్యాల బిస్కెట్లు మాత్రమే చేయదలచినవారు బ్రెడ్డు పిండికి తగిన బరువైన యంత్రానికి అధిక మూల్యం చెల్లించనవసరం లేదు.

లీటర్లు చూసి మోసపోవద్దు

దుకాణంలో మొదట చెప్పేవి గిన్నె లీటర్లు, మోటారు వాట్లు. లీటర్లు గిన్నెలో పట్టే ఘనపరిమాణాన్ని తెలుపుతాయే తప్ప, యంత్రం ఎంత పిండిని పిసకగలదో చెప్పవు. వాట్లు మోటారు తీసుకొనే విద్యుత్తును సూచిస్తాయి. పిండిని తిప్పే బలం గేర్ల అమరికపై కూడ ఆధారపడుతుంది. అందుచేత మీరు అడగవలసిన ప్రశ్న ఇది: “గట్టి బ్రెడ్డు పిండి అయితే, ఒక విడతకు ఎన్ని కిలోల పొడి పిండి వేయవచ్చును? ఎన్ని నిమిషాలు నడిపి, ఎంతసేపు విరామమివ్వాలి?” సమాధానాన్ని యంత్రంతో వచ్చే పుస్తకంలో చూపించమని కోరండి.

ఇక మీ అవసరాన్ని లెక్కించండి. 400 గ్రాముల బ్రెడ్డుకు సుమారు 250 గ్రాముల మైదా కావాలి. రోజుకు 12 బ్రెడ్లు అమ్ముడుపోతే 3 కిలోల మైదా. విడతకు 750 గ్రాములు కలపగల యంత్రమైతే 4 విడతలు. మీ ఓవెనులో ఒకేసారి 3 బ్రెడ్లు మాత్రమే కాలినచో, విడతకు 750 గ్రాములే సరైన పరిమాణం. అంతకు మించి ఒకేసారి కలిపితే మిగిలిన పిండి ఓవెను ఖాళీ అయ్యేవరకు నిరీక్షిస్తూ, ముఖ్యంగా మన వేసవి వేడిలో, అతిగా పులిసి కుంగిపోతుంది. అనగా మిక్సరు పరిమాణాన్ని ఓవెను, అమ్మకాలు నిర్ణయించాలి.

విద్యుత్తు సంగతి

మన గృహ సరఫరా 230 వోల్టులు. పల్లెలలో సాయంత్రవేళ వోల్టేజి పడిపోవుట అనుభవంలో ఉన్నదే. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి 180కి తగ్గితే బలం నూటికి సుమారు 61 పాళ్ళకు దిగుతుంది. అప్పుడు గట్టి పిండి వేస్తే మోటారు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉన్నది. కావున వోల్టేజి నిలకడగా ఉండే వేళలో పిండి కలపడం, మోటారుకు తగిన స్టెబిలైజరు అమర్చడం, ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్టునే వాడడం మంచిది.

రుణం తీరే లెక్క

ఉదాహరణకు చిన్న యంత్రానికి 24,000 రూపాయల రుణాన్ని 24 నెలల వాయిదాలపై, 12 శాతం వడ్డీకి తీసుకొన్నారనుకుందాం. మొదటి నెలలో అసలు 1,000, వడ్డీ 240, మొత్తం 1,240 రూపాయలు చెల్లించాలి. ఖర్చులు పోను బ్రెడ్డుకు 6 రూపాయలు మిగిలితే, నెలకు 25 పనిదినాలలో రోజుకు 12 చొప్పున అమ్మితే వచ్చేది 1,800. వాయిదా పోను 560 రూపాయలు చేతిలో ఉంటాయి.

అదే షరతులపై పెద్ద యంత్రానికి 72,000 రూపాయలు తీసుకొంటే మొదటి నెల చెల్లింపు 3,720. అమ్మకాలు 12 వద్దనే ఉంటే నెలకు 1,920 రూపాయల లోటు. వాయిదాకు సరిపడాలన్నా రోజుకు 25 బ్రెడ్లు అమ్ముడుపోవాలి. అంత గిరాకీ ముందుగా కుదిరినవారికే పెద్ద యంత్రం లాభసాటి.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో 50,000 రూపాయల వరకు రుణాలు శిశు విభాగంలోకి వస్తాయి. వీటికి ఆస్తి తాకట్టు అవసరం లేదు.

కొనుగోలు సమయంలో గమనించవలసినవి

1. మీరు చేయబోయే పిండినే దుకాణంలో కలిపి చూపించమనండి. యంత్రం బల్లపై జరిగినా, మోటారు మూలిగినా, కాలిన వాసన వచ్చినా ఆ యంత్రం మీ పనికి చాలదు.

2. గిన్నె అడుగున కలవని పొడిపిండి మిగులుతున్నదేమో చూడండి. బీటరు ఎత్తును సవరించే వీలుంటే మేలు.

3. గిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. గేర్లు లోహానివా, ప్లాస్టిక్‌వా అడగండి.

4. మరమ్మతు కేంద్రం మీ పట్టణంలో ఉన్నదా, గేర్లు, బ్రష్‌లు విడిగా లభిస్తాయా అని విచారించండి.

5. గృహోపయోగానికి ఉద్దేశించిన యంత్రాన్ని వ్యాపారానికి వాడితే వారంటీ వర్తిస్తుందో లేదో చదవండి.

6. కనీసం ఇద్దరు విక్రేతల నుండి కొటేషన్లు తీసుకొని, పన్నుతో కూడిన బిల్లు పొందండి.

చిన్నయెత్తున ఆహార పదార్థాలు తయారుచేసి అమ్మేవారు కూడ 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్రింద నమోదు పొందవలసి ఉంటుంది. ఆ పత్రాన్ని రుణ దరఖాస్తుకు జతపరచండి.

ఇంతవరకు చేతితో పిండి కలిపి అమ్ముతున్నవారు ఒక నెలపాటు రోజువారీ పిండి తూకాన్ని, అమ్మకాలను చిన్న పుస్తకంలో వ్రాసుకోండి. కొత్తగా ప్రారంభించేవారు తీసుకొనే దుకాణాల పేర్లు, రోజువారీ సంఖ్య వ్రాసుకొని రండి. ఆ పుస్తకంతో మీ శాఖలోని క్షేత్రాధికారిని సంప్రదిస్తే, మీకు తగిన యంత్రాన్ని, మోయగలిగిన రుణాన్ని ఇరువురూ కూర్చుని నిర్ణయించుకోవచ్చును.