లిథియం బ్యాటరీ ఆయుర్దాయము

నేడు మన యిండ్లలో బ్యాటరీ లేని గది కానరాదు. పెద్దల చేతి ఫోను, పిల్లలు పాఠములు చదువుకొను టాబ్, కొందఱి వాకిండ్లలో నిలుచు విద్యుత్ స్కూటరు, వీనియందు సాధారణముగ నుండునది లిథియం బ్యాటరీ. కాని దానిని చార్జి చేయు పద్ధతిని మాత్రము మనము వేఱు జాతి బ్యాటరీల వద్ద నేర్చుకొంటిమి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇన్వర్టరులకును ట్రాక్టరులకును వాడుకలో నున్న సీసపు బ్యాటరీని తీసికొందము. అందు సీసపు పలకలును గంధకామ్లమును ఉండును. అది యెల్లవేళల నిండుగ నుండగోరును. ఖాళీగా విడిచిపెట్టినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి అది చెడిపోవును. తరువాత ఆటబొమ్మలలోను, పాత తీగలేని టెలిఫోనులలోను నికెల్-కాడ్మియం బ్యాటరీలు వచ్చెను. సగము వాడి మరల మరల నింపినచో వాని శక్తి తగ్గునని, పూర్తిగ ఖాళీచేసి నింపవలయునని చెప్పుచుండిరి. ఆ మాట ఆ బ్యాటరీల విషయమున యథార్థమే. లిథియం బ్యాటరీ యీ రెంటికిని భిన్నమైనది. అది పూర్తిగ ఖాళీ యగుటను సహింపదు. నిండుగ నుండి వేడిలో పడియుండుటను అంతకంటెను సహింపదు. క్రొత్త ఫోనును మొదట ఎనిమిది గంటలు చార్జి పెట్టవలయునని నేటికిని చెప్పెడివారు కలరు. అది నికెల్ కాలపు ఆచారము. ఇపుడు దానితో పనిలేదు.

కారణము తెలిసికొనుట కష్టముకాదు. బ్యాటరీలో ఒక ప్రక్క కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడును, వేఱొక ప్రక్క పెన్సిలులోని నల్లసీసమైన గ్రాఫైటును, నడుమ ఒక ద్రవమును ఉండును. చార్జి పెట్టునపుడు లిథియం అయానులు ఆక్సైడును వీడి గ్రాఫైటు పొరల నడుమకు జేరును. వాడునపుడు మరల స్వస్థానమునకు బోవును. గ్రాఫైటుపై ఒక పలుచని పొర ఏర్పడి దానిని కాపాడుచుండును. బ్యాటరీ నిండిన కొలది వోల్టేజి పెరిగి, 4.2 వోల్టుల ప్రాంతమున లోపలి రసాయనములు నిలుకడ లేనివగును. అపుడు ద్రవము కొంచెము కొంచెముగ చెడుచుండును, ఆ పొర దళసరి యగుచుండును, పనికివచ్చు లిథియము అందు చిక్కుకొనిపోవును. వేడి దీనిని త్వరపెట్టును. 1991లో జపానునందలి సోనీ సంస్థ ఈ బ్యాటరీని మొదట విపణికి దెచ్చెను. దీనికి మూలమైన పరిశోధనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. వారి కృషి యెంత గొప్పదైనను, ఈ ముదిమిని పూర్తిగ తప్పించు ఉపాయము నేటికిని లభింపలేదు. దానిని మెల్లగ రానిచ్చుట మాత్రము మన చేతిలో నున్నది.

వేసవిలో మన నాందేడు జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. నాయ్‌గావ్‌లో రేకుల కప్పు క్రింద మధ్యాహ్నవేళ చార్జి పెట్టిన ఫోను చేతికి కాలుట పలువురకు అనుభవమే. అందులో పిల్లవాడు ఆటలాడుచున్నచో వేడిమీద వేడి. కావున చార్జి అగుచున్నంతసేపు ఫోనును పిల్లలకు ఇయ్యకుండుట మేలు. చల్లని వేళ చూచి, గాలి తగులు తావున, గట్టి బల్లపై నుంచవలయును. ఫోను వేడెక్కినచో పైతొడుగు తీసివేయవచ్చును. చల్లబఱచుటకై ఫ్రిజులో పెట్టువారు కలరు. అది తగదు, లోపల నీరు చేరును.

ఇరువది శాతమునకు దిగకముందే పెట్టుట, ఎనుబది ప్రాంతమున తీయుట మంచి అలవాటు. కరెంటు పోవునేమో యను భయముతో నూఱు చేయువారిని తప్పుపట్టరాదు; ప్రయాణమునకు ముందు నూఱు చేసినను హాని లేదు. నూఱు చేసి రాత్రియంతయు అటులనే యుంచుటయే హాని. పలు ఫోనులలో ఎనుబది వద్ద ఆపు ఏర్పాటు నేడు కలదు, దానిని పెట్టుకొనవలయును. మాటిమాటికి చార్జి పెట్టినచో ఆయువు తగ్గునను భయము నిరాధారము. రెండుమార్లు సగము సగము నింపినను లెక్కకు ఒక్క పర్యాయమే. కొన్ని స్కూటరులలోను, ఆటోలలోను ఇనుము, ఫాస్ఫేటు గల లిథియం బ్యాటరీలుండును. వానిని అపుడపుడు పూర్తిగ నింపుమని తయారీదారులు చెప్పుదురు. కావున వాహనముతో నిచ్చిన పుస్తకమును చదువుట అవసరము. ఎండలో నడిపి తెచ్చిన వెంటనే గాక, బ్యాటరీ చల్లబడిన పిమ్మట చార్జి పెట్టవలయును.

ఇది డబ్బు మిగుల్చుకొను మాట మాత్రమే కాదు. సరిహద్దు కావల మన బంధువర్గముండు నిజామాబాదులో 2022 ఏప్రిల్ నెలలో, రాత్రి ఇంటిలో చార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించెను. కొలది దినములకే విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ ప్రేలి మఱొకరు ప్రాణము కోల్పోయిరి. అట్టి ప్రమాదములలో వాడువానిదే తప్పనుట అన్యాయము. తయారీలోని లోపము కొనువాని కంటికి కనబడదు. 2022 డిసెంబరు నుండి ప్రభుత్వము ఈ బ్యాటరీల పరీక్షలను కఠినము చేసినది. అయినను నిద్రించు గదిలో గాని, బయటికి పోవు ద్వారము నొద్ద గాని స్కూటరు బ్యాటరీకి చార్జి పెట్టరాదు. ఫోనును దిండు క్రిందను, పరుపుపైనను ఉంచి నిద్రపోవు అలవాటును పిల్లలకు మాన్పవలయును. ఉబ్బిన బ్యాటరీకి మరల చార్జి పెట్టరాదు, పొడువరాదు. చెత్తకుండీలో వేయక దుకాణమునకు అప్పగింపవలయును.

వేసవి సెలవులలో టాబ్‌ను పెట్టెలో దాచువారు దానిని నిండుగ చేసి దాతురు. ప్రయోగములలో, 40 డిగ్రీల వేడిలో ఏడాదిపాటు నిండుగ నుంచిన బ్యాటరీకి ఇంచుమించు 65 శాతము శక్తియే మిగిలినది. నలువది శాతము నింపి యుంచినదానికి 85 శాతము మిగిలినది. కావున సగము కంటె కొంచెము తక్కువగ నింపి, యంత్రమును ఆపివేసి, ఇంటిలో చల్లనైన గదియందు దాచి, నడుమ ఒకమారు చూచి సున్నకు దిగకుండ కొంచెము నింపిన చాలును.