విద్యార్థి - గడువు

విద్యార్థికి ధనము లేకపోయినచో స్నేహితుడు అప్పిచ్చును. పుస్తకము లేకపోయినచో గ్రంథాలయమిచ్చును. కాలము లేకపోయినచో ఇచ్చువాడెవ్వడును లేడు. ఈ మాట అందరును ఎఱిగినదే. నేను మాత్రము దీనిని ఒక సంవత్సరము పోగొట్టుకొని నేర్చుకొంటిని.

మాది దివిసీమలో కాలువ చివరనున్న గ్రామము. విజయవాడలో హాస్టలునందుండి బి.ఎస్సీ. చదివితిని. రసాయనశాస్త్రపు రికార్డును పూర్తిచేసి, పరీక్షకు ముందు అధ్యాపకులచేత సంతకము చేయించుకొనవలెను. ప్రయోగము చేసిన దినముననే వ్రాసినచో అది అరగంట పని. నేను “ఇంకను నెలలున్నవి గదా” యని వాయిదా వేయుచు వచ్చితిని. చివరి వారమునకు ఇరువది ప్రయోగములు మిగిలినవి. రెండు రాత్రులు నిద్రమాని, మిత్రుని రికార్డు చూచి ఎక్కించితిని. తొందరలో ఆతని తప్పులను గూడ ఎక్కించితిని. అధ్యాపకులు సంతకము చేయలేదు. నేను ప్రాక్టికల్ పరీక్షకు కూర్చుండలేకపోతిని. అందు వారి దోషమేమియు లేదు.

ఇంటికి పోయి నాయనగారితో చెప్పితిని. నా ఫీజుకొఱకు ఆయన అప్పటికే అప్పు చేసియుండిరి. కోపపడలేదు. కొంతసేపు ఊరకుండి, “కాలవ కట్టేసే తేదీ ముందే చెబుతారు గదరా! ఆ రోజున కూర్చుని బోదె తవ్వుతామా?” అనిరి.

ఆ మాటలోని అర్థమును డెల్టావారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇతరులకై కొంచెము వివరించెదను. విజయవాడయొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడినది. దీనినుండి ఇరుగట్ల కాలువలద్వారా పది లక్షల ఎకరములకు పైగా నీరు పాఱును. నీరు వదలిన వెంటనే ఎగువ పొలములు తడియును. శివారు భూములకు అది చేరుటకు దినములు పట్టును. కొఱత వచ్చినపుడు వంతులు పెట్టుదురు. తప్పిన వంతు తిరిగి వచ్చువఱకు నారు ఎండుచునే యుండును. అందుచేత శివారు రైతు నీరు రాకమునుపే బోదె బాగుచేసికొని సిద్ధముగా నుండును.

విద్యార్థి కాలమును ఇట్టిదే. చదువు ప్రారంభమైన దినములలో అది నిండుగా పాఱుచున్నట్లు తోచును. దానిని దగ్గఱనున్నవి త్రాగివేయును: కబుర్లు, గాంధీనగరపు సినిమాలు, నేటి దినములలో సెల్‌ఫోను. దూరమున నున్న రికార్డు, ప్రాజెక్టు శివారు పొలమువలె ఎండిపోవును. పూర్వము సంవత్సరాంతమున ఒకే పరీక్ష యుండెడిది. మన డిగ్రీ కళాశాలలలో 2015 తరువాత సెమిస్టరు పద్ధతి వ్యాపించుటచేత గడువులు ఇంకను దగ్గఱైనవి.

పనికి ఎంతకాలము పట్టునో సరిగా ఊహింపలేకపోవుట రెండవ చిక్కు. ఇది మన పిల్లల లోపము మాత్రమే కాదు. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అను పరిశోధకులు 1994లో ఒక పరిశీలనను ప్రకటించిరి. సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న 37 మంది విద్యార్థులను ఎన్ని దినములలో ముగింతురని అడుగగా, వారు చెప్పిన సగటు సుమారు 34 దినములు. అన్నియు ప్రతికూలించినచో ఎన్నియని అడుగగా 49 అనిరి. నిజముగా పట్టినవి 55 దినములకు పైబడినవి. అనగా చెడ్డకాలమును ఊహించి చెప్పిన లెక్కయు చాలలేదన్నమాట. మనము రాబోవు పనిని తలచునపుడు వెనుకటి పనులు ఎట్లు ఆలస్యమైనవో మఱచుటయే దీనికి ముఖ్యకారణము.

కావున నేను చెప్పదలచిన పద్ధతి యిది. మొదటి వారముననే అన్ని గడువులను ఒక్క కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. ప్రతి గడువునుండి వెనుకకు లెక్కింపుడు. పదిదినముల పని యని తోచినచో పదునాఱు దినములు కేటాయింపుడు. పెద్దపనిని ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కకు మీరే ఒక తేదీ పెట్టి, దానిని ఒక మిత్రునితో చెప్పుడు. తనకు తాను ఇచ్చుకొన్న మాటకంటె పరునికిచ్చిన మాట బిగువుగా నుండును.

అందఱి దినమును ఒక్కటి గాదు. గుడివాడనుండి రైలులో వచ్చిపోవువారికి రాకపోకలలోనే గంటలు గడచును. చదివిన పాఠమును నెమరువేయుటకు ఆ కాలము చాలును, వ్రాతపనికి చాలదు. ఊడ్పుల దినములలో ఇంటిపని తప్పనివారు ఆ దినములను ముందే కాగితముపై కొట్టివేసి, మిగిలినవానినే లెక్కింపవలెను. ఎంత చేసినను గడువు అందదని తోచినచో, అది దాటకమునుపే అధ్యాపకులయొద్దకు పోయి నిజము చెప్పుడు. ముందు చెప్పినది విన్నపము. తరువాత చెప్పినది సాకు.

మఱుసటి యేడు నేను ప్రయోగము చేసిన దినముననే రికార్డు వ్రాసితిని. గడువునకు పదిదినములు ముందే సంతకము పడినది. అందు మూడు దినములు ఇంటికి పోయి, నాయనగారితో గూడ మినుము పీకితిని. ఆయన రికార్డు సంగతి అడుగలేదు. నేను చేనిలో నుండుట చూచియే గ్రహించిరి.