మచ్చుకత్తిని దిద్ది సానపట్టుకొను విధము

కంచె కొట్టుటకు, సర్కారు తుమ్మకంపను తొలగించుటకు, కొబ్బరిమట్టలు నఱకుటకు, పందిరిగుంజలు చెక్కుటకు మచ్చుకత్తి లేని రైతుయిల్లు అరుదు. అయినను నాగలికిని బండికిని చూపు శ్రద్ధలో నాల్గవవంతైనను దీనికి చూపువారు తక్కువ. సంతలో కొన్న కత్తిని కొన్నట్లే వాడుదురు. మొద్దుబాఱినప్పుడు దారిప్రక్క రాతిపై రెండుమాఱులు గీసి మఱల పనికి పోవుదురు. మొద్దుకత్తితో పని రెట్టింపగుట యొక్కటియే నష్టము కాదు. దెబ్బ దిగని కత్తి కొమ్మపైనుండి జాఱి కాలిమీదనో, కొమ్మను పట్టుకొన్న యెడమచేతిమీదనో పడును. కావున కత్తిని సరిదిద్దుకొనుట కూలి డబ్బు మిగుల్చుకొనుట మాత్రమే గాక, కాలుసేతులను కాపాడుకొనుట యని గ్రహింపవలెను.

కత్తికి గుణము లిచ్చునవి రెండు. ఒకటి వాడి, రెండవది పదను. వాడి రాతివలన వచ్చును. పదను, అనగా ఉక్కునకు కొలిమిలో గలిగిన గట్టిదనము, నిప్పువలన వచ్చును. రాయి యిచ్చినదానిని రాయి మఱల నీయగలదు గాని, నిప్పు ఇచ్చినది పోయిన యెడల దానిని రాయి యీయజాలదు. ఇది మన దేశమునకు క్రొత్త విద్య గాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో పూర్వము తయారైన ఉక్కు కొఱకు పారసీక వర్తకులు వచ్చుచుండెడివారు. ఆ ఉక్కునకు విలువ తెచ్చినది నిప్పును ఎఱిగిన కమ్మరి నేర్పే. ఈ రెండు గుణములకు గల భేదమును మనస్సున నుంచుకొన్నచో క్రింద చెప్పబోవునదంతయు సులభముగా బోధపడును.

ముందుగా కత్తిని పరీక్షింపవలెను. త్రుప్పు తీసి, వాదర పొడవునను పిడి మొదటను బీటలున్నవేమో వెలుతురులో చూడవలెను. బీటపడిన కత్తిని దిద్దుట వృథా. పిమ్మట వాదరపై ఆకురాయిని మెల్లగా నడపవలెను. ఆకురాయి పట్టుగా దిగి సన్నని పొడి రాల్చినచో అది ఈ పనికి తగిన గట్టిదనము. పట్టక జాఱిపోయినచో మిక్కిలి పెళుసు. గట్టి కొయ్యపై కొట్టినప్పుడు వాదర పెచ్చులూడును. మెత్తని యినుమువలె తేలికగా అఱిగిపోయినచో పదను లేదని యర్థము. లారీ కమానుపట్టీలతో కమ్మరులు చేయు కత్తులలో ఉక్కు సాధారణముగా మంచిదే. అయినను పదను సరిగా కుదిరినదో లేదో యీ విధముగా చూచుకొనుట మేలు.

తరువాత ఆకారమును దిద్దుకొనవలెను. పిడికి దగ్గఱగా మూడు వ్రేళ్ల వెడల్పు భాగమునకు వాడి పెట్టరాదు. చేయి ముందునకు జాఱినను గాయము కాదు. నడుమ భాగము నఱకుటకు. కొనను సూదిగా నుంచక గుండ్రముగా త్రిప్పినచో రాళ్లకు తగిలి విఱుగదు, ప్రక్కవానికి గ్రుచ్చుకొనదు. వెన్ను అంచులు కోసుగా నున్న యెడల ఆకురాతితో మొద్దు చేయవలెను. పిడి సంపూర్ణముగా గుండ్రమైనచో దెబ్బ తగులునప్పుడు చేతిలో తిరుగును. కోడిగ్రుడ్డు కోలవలె కొంచెము బల్లపరుపుగా నుండవలెను. చివర కొంత లావుగా నున్నచో చెమటచేతినుండి జాఱదు. నల్లతుమ్మకఱ్ఱ పిడికి చక్కగా పనికివచ్చును. దానికి ఇనుప పొన్ను తొడిగి, అవిసెనూనె పట్టించవలెను. స్త్రీలు పనిచేయు కత్తికి వారి చేతికి సరిపడు సన్నని పిడి వేయుట న్యాయము.

ఇక వాదర వాలు. ఇందులోనే తఱచుగా పొరపాటు జరుగుచున్నది. మిక్కిలి సన్నముగా నూఱిన వాదర కంపలో మడతపడును. మిక్కిలి మొద్దుగా నూఱినది కొయ్యలో దిగదు. కొలతబద్ద లేకయే వాలును తెలిసికొను సులభమార్గ మొకటి కలదు. కత్తిని చదునైన రాతిపై పఱచి, కత్తి వెడల్పులో మూడవవంతు ఎత్తునకు వెన్నును లేపవలెను. అనగా కత్తి 6 సెంటీమీటర్ల వెడల్పున్నచో వెన్ను 2 సెంటీమీటర్లు లేవవలెను. అప్పుడు ప్రక్కకు సుమారు 20 డిగ్రీల వాలు, రెండు ప్రక్కలు కలిసి 40 డిగ్రీలు ఏర్పడును. కంపకును కొయ్యకును ఇది తగును. పచ్చి ఆకునకు, అరటికి, గడ్డికి వాడు కత్తికైనచో నాల్గవవంతు లేపిన చాలును. అది ప్రక్కకు సుమారు 15 డిగ్రీలు. ఆ యెత్తున ఒక కఱ్ఱముక్కను కోసి వెన్ను క్రింద పెట్టి చూచుకొన్నచో చేయి తప్పదు.

వాదరలో పెచ్చులూడిన గంట్లున్న యెడల మొదట వానిని ఆకురాతితో తీసివేయవలెను. కత్తిని బల్లకు బిగించి, పిడి గల ఆకురాతిని ముందునకు త్రోయునప్పుడే ఒత్తవలెను. వెనుకకు లాగునప్పుడు పైకెత్తవలెను. ఒక ప్రక్క నూఱగా నూఱగా రెండవ ప్రక్కకు వెండ్రుకవంటి సన్నని యినుపమడత లేచును. దానిని వ్రేలితో వాదరకు అడ్డముగా తాకి తెలిసికొనవలెను గాని, వాదర వెంబడి నడపరాదు. మడత పొడవంతట వచ్చిన తరువాతనే రెండవ ప్రక్క మొదలు పెట్టవలెను. పిమ్మట నీరు చల్లుచు సన్నరాతిపై ఇరుప్రక్కల నూఱి, తుదకు తోలుపట్టీపై వెనుకకు లాగినచో మడత రాలిపోయి స్వచ్ఛమైన వాడి వచ్చును.

ఇప్పుడు వెల్డింగు దుకాణములలో విద్యుత్తుతో తిరుగు చేతిగ్రైండరుతో క్షణములో వాడి పెట్టించుకొనుట వాడుకయైనది. ఇక్కడనే జాగ్రత్త వలయును. వాదర సన్ననిది గనుక వేడి ముందుగా దానినే పట్టును. ఉక్కు సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు చేరునప్పుడు లేత పసుపు రంగు, 260 దాపున గోధుమ రంగు, 280 దాపున ఊదా, 300 దాపున నీలి రంగు తిరుగును. అంతకంటె తక్కువ వేడిలో పదను పెట్టబడిన కత్తికి నీలిరంగు కనబడినచో ఆ మేర ఉక్కు మెత్తబడినట్లే. రంగును గీకివేసినంతమాత్రమున మెత్తదనము పోదు. అట్టి కత్తి ఎంత నూఱినను రెండు గంటలలో మొద్దుబాఱును. రైతు రాతిని నిందించును. గ్రైండరు తప్పదనుకొన్నచో ఆకారము దిద్దుటకు మాత్రమే వాడి, ప్రతి రెండు మూడు క్షణములకొకమాఱు కత్తిని నీటిలో ముంచుచు, వ్రేలికి వేడి సోకినతోడనే ఆపవలెను. కంటికి అద్దము లేక, యంత్రమునకు కాపు లేక, వ్రేలాడు చెంగుతో ఆ పని చేయరాదు.

పదను పోయిన కత్తికి మఱల కొలిమియే దిక్కు. కమ్మరి వాదరను ఎఱ్ఱగా కాల్చును. అయస్కాంతము అంటుకొనని వేడి, అనగా సుమారు 770 డిగ్రీలు, కొంచెము దాటినప్పుడు ముంచవలెను. కమాను ఉక్కును నీటిలో ముంచినచో బీటలు వాఱవచ్చును, నూనె మేలు. ముంచిన కత్తి గాజువలె పెళుసగును గనుక, వాదరపై ఊదా రంగు తిరుగువఱకు మఱల మెల్లగా కాచి చల్లార్చవలెను. ఈ రెండవ కాపును మానిన కత్తి మొదటి కొమ్మకే విఱుగును.

పని ముగిసిన వెంటనే పసరు తుడిచి, ఆముదము పలుచగా పూసి, పిల్లలకు అందని చోట తగిలించవలెను. గాయమైనచో సబ్బుతోను నీటితోను కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

ప్రతి రైతును ఈ పనిముట్లన్నియు కొననక్కఱలేదు. సంఘము తరఫున కాలితో త్రొక్కి త్రిప్పు తడి సానయొకటి, ఆకురాళ్లు రెండు, వాలు చూచు కఱ్ఱముక్కలు గోదాములో నుంచినచో సభ్యులందఱకు పనికివచ్చును. తొలకరికి ముందు, కంచెపని యారంభించుటకు మునుపే, ఒక దినము నియమించి గ్రామములోని కత్తులన్నియు పరీక్షించి దిద్దుకొన్న యెడల, ఆ వేసవిలో ఆదా యగు శ్రమయు, తప్పు గాయములును ఎవరికి వారే లెక్కించుకొనగలరు.