నడుము నొప్పికి ఏ డాక్టరు దగ్గరికి పోవాల?

నడుము పట్టేసినా, మోకాళ్లు వాచినా మన వైపు జరిగేది దాదాపు ఒకటే. మొదట ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది. నాలుగు రోజులు హాయి, మళ్లీ మామూలే. తర్వాత కర్నూలుకో కడపకో బస్సెక్కి, "ఎముకల డాక్టరా, నరాల డాక్టరా?" అని మందుల షాపులో అడిగి, అతను చెప్పిన చోటికి పోవడం. ఇట్లా తిరగడంలోనే ఏడాది గడిచిపోతుంది. ఎందుకంటే నొప్పి ఎక్కడుందో చూసి డాక్టర్ని ఎంచుకుంటాం. అంతకంటే ముందు చూడాల్సింది, అది ఎప్పుడు వస్తోంది, దేనికి తగ్గుతోంది అన్నది.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాయి గనుల్లో పని చూడండి. పలక అంచు కింద గడ్డపార దూర్చి, లేచిన సందులో చేతులు పెట్టి, మోకాళ్లు వంచకుండా నడుముతోనే ఎత్తుతారు. శనక్కాయ చేలో రోజంతా వంగే ఆడవాళ్ల నడుముకూ అదే శిక్ష. ఇట్లాంటి నొప్పి పనితో పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. దీనికి ఎముకల డాక్టరు చాలు, తోడుగా ఫిజియోథెరపీ. యాభై దాటాక మెట్లెక్కితే, గొంతుక్కూర్చుంటే పీకే మోకాళ్లకూ ఇదే దారి.

నొప్పి పిరుదు నుంచి కాలి కిందికి జివ్వున లాగితే నరం నొక్కుకుని ఉండొచ్చు. నరాల డాక్టరంటే ఇద్దరున్నారని చాలామందికి తెలియదు. న్యూరాలజిస్టు మూర్ఛ, పక్షవాతం లాంటివాటిని మందులతో చూస్తారు. వెన్నుకు ఆపరేషన్ అవసరమైతే చేసేది న్యూరో సర్జన్, లేదా వెన్నెముక ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరు. అయినా డిస్కు నొప్పుల్లో ఎక్కువ భాగం 6 నుంచి 12 వారాల్లో కోత లేకుండానే సర్దుకుంటాయి. ఎమ్మారైలో 'డిస్క్ బల్జ్' అని రాశారని బెంబేలు పడొద్దు. ఏ నొప్పీ లేని 40 ఏళ్లవాళ్లకు తీసినా సగం మందిలో అది కనబడుతుంది. కానీ పాదం పైకి లేవకపోయినా, ఒంటికి పోవడం ఆగినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఓపీ చీటీ కోసం తెల్లారేదాకా ఆగకూడదు. ఆ గంటే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇంకోచోట. పాతికేళ్ల కుర్రాడు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు నడుము బిగుసుకుపోయి లేస్తాడు. కాసేపు తిరిగితే సర్దుకుంటుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది. ఒక్కోసారి కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంది. దీన్ని డిస్కు అనుకుని ఏళ్లు గడిపేస్తారు. ఇంకొకామెకు రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున గంటసేపు పిడికిలి ముడుచుకోదు, తడిబట్ట పిండలేదు. ఈ ఇద్దరివీ ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బులు. చూడాల్సింది రుమటాలజిస్టు. అరిగిపోయిన కీలు మళ్లీ పూర్వంలా కాదు కాబట్టి మందు నెలల్లోనే మొదలవ్వాలి. ఆ డాక్టరు దగ్గర్లో దొరక్కపోతే ఆగిపోనక్కర్లేదు. 1956 నాటి కర్నూలు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో, 2006లో మొదలైన కడప రిమ్స్‌లోనో జనరల్ మెడిసిన్ విభాగంలో చూపించుకుని, అక్కడి చీటీతో హైదరాబాదు నిమ్స్‌కో వెల్లూరు సీఎంసీకో పోవచ్చు. వెల్లూరు రైలు మనకేం కొత్త కాదు గదా.

ఈ నేలకు సంబంధించినవి ఇంకొన్ని ఉన్నాయి. లోతు బోర్ల నీళ్లు తాగే ఊర్లో పళ్లకు గారచారలుండి, మెడ, నడుము కర్రలా బిగుసుకుపోతే ఫ్లోరోసిస్ అనుమానించాలి. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు వైపు దీన్ని గుర్తించి రాశారు. ముంజేతి ఎక్స్‌రేలో రెండెముకల మధ్య పొర గట్టిపడి కనబడడం దీనికి పెద్ద ఆనవాలు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పనికిరాదు. అక్కడ డాక్టరుతోపాటు నీళ్ల పరీక్షా కావాలి. గొర్రెలు, మేకలు కాసేవాళ్లకు విడవని జ్వరం, చెమటలతో నడుము నొప్పి వస్తే జీవాల నుంచి సోకే బ్రూసెల్లా జబ్బు కావచ్చు. బరువు తగ్గుతూ రాత్రిపూట వెన్ను సలుపుతుంటే క్షయ కావచ్చు. ఈ రెంటికీ మొదటి పని కత్తితో కాదు, రక్తపరీక్షలు, స్కానింగులు రాసే జనరల్ ఫిజీషియన్‌తో. మీ ఇంట్లో జీవాలున్నాయని ఆయనకు మీరే చెప్పాలి, ఆయన అడగకపోవచ్చు.

పోయేటప్పుడు పాత ఎక్స్‌రేలు, చీటీలు, వాడిన గోలీల ఖాళీ పట్టీలు సంచిలో వేసుకోండి. ఆర్‌ఎంపీ వేసిన సూది పేరు అడిగి కాగితం మీద రాయించుకోండి. అది స్టెరాయిడ్ అయితే వాపును అణచి, అసలు జబ్బును పరీక్షకు దొరక్కుండా చేసి ఉండొచ్చు. స్టెరాయిడ్ గోలీలు చాలా రోజులుగా మింగుతుంటే సొంతంగా ఒక్కసారిగా మానకండి, ప్రాణానికే ముప్పు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే. వారంలో ఏ రోజో డాక్టరుచేత చీటీ మీదే రాయించుకుని, ఇంట్లో మందులిచ్చేవాళ్లకు చూపించండి.